దిండు మీద చాక్లెట్ ఏమైంది?

మొన్న నవంబరులో గాల్వెస్టన్‌లో ఓడెక్కాను. నాకిది పదకొండో క్రూజ్. రెండో రోజు రాత్రి డిన్నర్ ముగించుకుని కేబిన్ తలుపు తీస్తే, పక్క సర్ది లేదు. దిండు మీద చాక్లెట్ లేదు. తెల్ల టవల్‌తో చేసిన ఏనుగు లేదు. సాయంత్రం హడావుడిగా విసిరేసిన టీషర్ట్ మాత్రం నేను ఎక్కడ పడేశానో అక్కడే ఉంది.

ఇరవై ఎనిమిదేళ్లొచ్చాయి, ఓ చాక్లెట్ ముక్క కోసం మొహం మాడ్చుకోవడం ఏమిటని నాకే నవ్వొచ్చింది. కానీ మాడిన మాట నిజం.

బయట కారిడార్‌లో మా స్టీవార్డ్ కనిపించాడు. ఇండోనేషియా మనిషి, నాకంటే పదేళ్లు పెద్దవాడై ఉంటాడు. "ఈసారి ఏనుగు రాలేదేంటి?" అన్నా సరదాగా. "రాత్రి సర్వీస్ తీసేశారు సర్. ఇప్పుడు రోజుకి ఒక్కసారే. కావాలంటే రేపు పొద్దున చేసి పెడతాను. ఏనుగు కావాలా, కోతి కావాలా?" అన్నాడు.

కోతి అనగానే నా గొంతులో ఏదో అడ్డం పడింది. ఎందుకో కాస్త ఆగి చెప్తాను.

ఇంతకీ ఈ పిచ్చి ఎలా పట్టిందంటే...

మాది కాకినాడ. చిన్నప్పుడు బీచ్‌కి వెళ్తే దూరంగా లంగరేసిన సరుకు ఓడల లైట్లు లెక్కపెట్టేవాళ్లం. అందులో మనుషులు సరదాకి కూడా వెళ్తారని అప్పట్లో తెలీదు. ఎమ్మెస్ అయ్యాక హ్యూస్టన్‌లో ఉద్యోగం వచ్చింది. అక్కణ్నుంచి గాల్వెస్టన్ రేవు కారులో గంట. 2021 డిసెంబరులో నలుగురు ఫ్రెండ్స్‌తో మొదటిసారి ఎక్కా. కొవిడ్ తర్వాత ఓడలు ఖాళీగా తిరుగుతున్న రోజులవి. కిటికీ లేని కేబిన్, నాలుగు రాత్రులు, మెక్సికోలోని కోజుమెల్ దాకా వెళ్లి రావడం, తిండీ తిప్పలూ అన్నీ కలిపి హోటల్ రూమ్ ధర కంటే తక్కువ పడింది. ఆ తర్వాత లాంగ్ వీకెండ్ దొరికితే చాలు, పారిపోవడమే. వీసా స్టాంపింగ్ భయాల సంగతి ఎత్తకండి, దానికి వేరే వ్యాసం కావాలి.

ఇప్పటికి ఓడల్లో 57 రాత్రులు గడిపాను. మా ఫ్రెండ్స్ నన్ను 'సరంగు' అంటారు. కానీ క్రూజ్ ప్రపంచంలో 57 అంటే ఎల్కేజీ. ఇది నవంబరు ట్రిప్‌లో మా టేబుల్ దగ్గర కూర్చున్న పెద్దాయన్ని చూశాకే తెలిసింది. డెబ్బై దాటిన టెక్సాస్ మనిషి, రిటైరయ్యాడు. షర్టు మీద కంపెనీ ఇచ్చిన బ్యాడ్జీ. ఆయనా వాళ్లావిడా కలిసి 600 రాత్రులకు పైనే ఓడల మీద ఉన్నారట. అంటే ఏడాదిన్నర పైనే!

ఆయన దగ్గర పోయినవాటి చిట్టా మొత్తం ఉంది. మిడ్‌నైట్ బఫే గురించి చెప్తుంటే మన పెద్దవాళ్లు పాతకాలం పెళ్లి భోజనాల గురించి చెప్తున్నట్టే ఉంటుంది. అర్ధరాత్రి పన్నెండింటికి తలుపులు తెరిచేవాళ్లట. మంచుగడ్డల్లో చెక్కిన హంసలు, పుచ్చకాయల మీద చెక్కిన మొహాలు. తినడానికి ముందు ఫొటోలు తీసుకోవడానికే ఒక క్యూ. ఇంకోటి, బేక్డ్ అలాస్కా ఊరేగింపు. కేకు మీద ఐస్‌క్రీమ్ పెట్టి, పైన కోడిగుడ్డు తెల్లసొన నురగ కప్పి కాల్చే స్వీటు అది. క్రూజ్ చివర్లో ఓ రాత్రి డైనింగ్ హాల్లో లైట్లు ఆర్పేసి, వెయిటర్లంతా వెలుగుతున్న ఆ ప్లేట్లు పట్టుకుని పాటకి తగ్గట్టు టేబుళ్ల మధ్య నడిచేవాళ్లు. ప్యాసింజర్లు న్యాప్‌కిన్లు గాల్లో తిప్పేవాళ్లు. ఓడలో నిప్పుతో ఆటలెందుకని ముందు మంటలు పోయాయి. తర్వాత చాలా ఓడల్లో ఊరేగింపే పోయింది. "ఇప్పుడది మెనూలో ఒక లైను" అన్నాడు పెద్దాయన. వాళ్లావిడ మాత్రం "ఆ కేకు అప్పుడూ బావుండేది కాదు, ఇప్పుడూ బావుండదు" అనేసింది.

నాకు ఆవిడ నచ్చేసింది. ఎందుకంటే పోయిన ప్రతిదీ బంగారమని నేనూ అనుకోను.

పోవాల్సినవీ ఉన్నాయి

ఉదాహరణకి మస్టర్ డ్రిల్. ప్రమాదం జరిగితే ఎక్కడికి రావాలో, లైఫ్ జాకెట్ ఎలా వేసుకోవాలో నేర్పే తప్పనిసరి కార్యక్రమం. టైటానిక్ మునిగిన రెండేళ్లకి, 1914లో, సముద్ర ప్రయాణాల భద్రతకి అంతర్జాతీయ ఒప్పందం వచ్చింది. డ్రిల్లులన్నిటికీ వేరు అక్కడే ఉంది. 2012 జనవరి 13న ఇటలీ తీరంలో కోస్టా కంకార్డియా రాళ్లని గుద్దుకుని ఒరిగిపోయింది. 32 మంది చనిపోయారు. ఆ రోజే ఎక్కిన వందలమందికి ఇంకా డ్రిల్ జరగలేదు. అప్పటి రూల్ ప్రకారం ఎక్కిన 24 గంటల్లోపు చేస్తే సరిపోయేది. ఆ ఘటన తర్వాత రూల్ మార్చారు. ఓడ కదలక ముందో, కదిలిన వెంటనేనో డ్రిల్ అయిపోవాలి.

పాత పద్ధతిలో వేలమంది ఒకేసారి డెక్ మీదకి వచ్చి, ఎండలో భుజం భుజం రాసుకుంటూ అరగంట నిలబడేవాళ్లు. సగం మంది చెవిన పెట్టేవాళ్లు కాదు. 2020లో రాయల్ కరీబియన్ దీన్ని ఫోన్లోకి మార్చింది. వీడియో యాప్‌లో చూస్తారు, తర్వాత మీకు కేటాయించిన చోటికి వెళ్లి మొహం చూపించి స్కాన్ చేయించుకుంటారు. మిగతా కంపెనీలూ ఇలాంటి పద్ధతుల్లోకే వచ్చాయి. నేను మొదటి నుంచీ దీన్నే చూశాను. పెద్దాయన కూడా ఒప్పుకున్నాడు, 'పోయినందుకు నేను ఏడవని సంప్రదాయం అదొక్కటే' అని. నాకైతే ఒక అనుమానం ఉంది. రోజూ సాఫ్ట్‌వేర్ రాసేవాణ్ని కాబట్టి తెలుసు, వీడియోని మ్యూట్‌లో పెట్టి జేబులో పడేసేవాళ్లు ఎంతమంది ఉంటారో! స్కాన్ అయిందంటే నేర్చుకున్నట్టు కాదు. అయినా ఎండలో నిలబెట్టడం కంటే నయమే.

అలాగే పొద్దున్నే తలుపు సందులోంచి తోసే కాగితం పేపర్. ఏ షో ఎన్నింటికో అందులో ఉండేది. ఇప్పుడు యాప్‌లో ఉంది. దానికి బాధపడే వయసు నాది కాదు.

చార్జీల సంగతి మాత్రం మెల్లగా గిచ్చుతుంది. రూమ్ సర్వీస్ ఒకప్పుడు ఫ్రీ. 2017లో రాయల్ కరీబియన్ ఆర్డర్‌కి 7.95 డాలర్లు పెట్టింది, కాంటినెంటల్ బ్రేక్‌ఫాస్ట్‌ని మాత్రం వదిలేసింది. కార్నివాల్ డైనింగ్ రూమ్‌లో మూడో మెయిన్ డిష్ అడిగితే 5 డాలర్లు. రెండు తిన్నాక మూడోది అడిగేవాణ్ని చూసి నేనైతే కంపెనీ పక్షమే! 2020 మార్చి నుంచి ఏడాదికి పైగా ఓడలు కట్టేసి ఉన్నాయి. కార్నివాల్ కార్పొరేషన్ అప్పు 30 బిలియన్ డాలర్లు దాటిపోయింది. ఆ లెక్కలు చూశాక చాక్లెట్ ఎందుకు పోయిందో అర్థం చేసుకోవడం కష్టమేం కాదు.

రాత్రుల లెక్క పోయి డాలర్ల లెక్క

పెద్దాయన అసలు కోపం చాక్లెట్ మీద కాదు, హోదా మీద. క్రూజ్ కంపెనీల్లో లాయల్టీ క్లబ్బులుంటాయి. ఇన్నాళ్లూ చాలాచోట్ల లెక్క సింపుల్: ఒక రాత్రికి ఒక పాయింట్. రాయల్ కరీబియన్‌లో 80 పాయింట్లు వస్తే డైమండ్, 700 వస్తే పినకిల్. సూట్‌లో ఉంటే పాయింట్లు రెట్టింపు. డైమండ్ వాళ్లకి రోజుకి నాలుగు డ్రింకులు ఫ్రీ. నాలాగా కిటికీ లేని గదిలో పడుకున్నవాడైనా సరే, ఓపిగ్గా తిరిగితే ఏదో ఒకరోజు అక్కడికి చేరతాడు. ఇదో రకం సీనియారిటీ.

2025 జూన్‌లో కార్నివాల్ ఈ లెక్క మారుస్తున్నట్టు ప్రకటించింది. పాత వీఐఎఫ్‌పీ క్లబ్ ఉండదు, దాని స్థానంలో 2026లో కార్నివాల్ రివార్డ్స్ వస్తుందని చెప్పింది. ఎన్ని రోజులు ఓడలో ఉన్నావన్నది కాదు, ఎంత ఖర్చు పెట్టావన్నదే కొలత. కొత్తగా సంపాదించే హోదాకి గడువు కూడా ఉంటుంది. విమానాల వాళ్లు ఈ దారిలో ఎప్పుడో వెళ్లారు. 2023లో డెల్టా ఇలాగే పూర్తిగా ఖర్చు లెక్కకి మారుస్తామని, జనం గోల పెట్టాక కొంచెం వెనక్కి తగ్గింది.

మా ఆఫీస్ భాషలో దీన్ని 'బ్రేకింగ్ చేంజ్' అంటాం. పాత వెర్షన్ని నమ్ముకుని జనం ఏళ్ల తరబడి ఏదో కట్టుకుని ఉంటారు, మనం ఓ అప్‌డేట్‌తో అది పని చేయకుండా చేస్తాం. టెక్నికల్‌గా తప్పుండదు. కానీ ఫోన్ చేసి తిట్టేవాడి బాధలోనూ తప్పుండదు. పెద్దాయన ఒక్క మాటే అన్నాడు: "నేను వాళ్లకి డబ్బులిచ్చానని కాదు, వాళ్ల దగ్గరికే మళ్లీ మళ్లీ వచ్చానని ఆ బ్యాడ్జీ ఇచ్చారనుకున్నాను."

నా విషయానికొస్తే, డాలర్ల లెక్కలో నేను నష్టపోయే బ్యాచ్. క్యాసినో వైపు వెళ్లను, డ్రింక్ ప్యాకేజీ కొనను, నిమ్మరసం ఫ్రీ కాబట్టి అదే తాగుతా. నేను కంపెనీ యజమానినైతే నాలాంటి కస్టమర్‌కి స్పెషల్ లైను పెడతానా? పెట్టను. పైగా డైమండ్లు ఎక్కువైపోయి లాంజ్‌లో కుర్చీ దొరకనప్పుడు, డైమండ్ అయితేనేం, గాజు అయితేనేం. 2024లో వచ్చిన ఐకాన్ ఆఫ్ ది సీస్‌లో గరిష్ఠంగా 7,600 మంది ప్యాసింజర్లు పడతారు. అంతమందిలో 'నేను పాతవాణ్ని' అని చెప్పుకోవడానికి యాప్‌లో ఓ రంగు మారడం తప్ప ఏం మిగిలిందని!

కాబట్టి హోదా పోయినా నేను బతికేస్తాను. నేను ఒప్పుకోలేనిది వేరే ఉంది. దానికోసం ఆ కోతి కథ చెప్పాలి.

కోతి కథ

మొదటి క్రూజ్‌కి ముందు మా వాట్సాప్ గ్రూపులో ఒక సీనియర్ అన్న 'టిప్స్' ఇచ్చాడు. అందులో ముఖ్యమైనది నిజంగానే టిప్స్ గురించి. క్రూజ్‌లో మనిషికి రోజుకి ఇంత అని సర్వీస్ చార్జ్ మన అకౌంట్లో ఆటోమేటిక్‌గా పడుతుంది. ఇప్పుడు పెద్ద అమెరికన్ కంపెనీల్లో అది సుమారు 16 నుంచి 20 డాలర్లు. పూర్వం చివరి రాత్రి కవర్లలో పెట్టి స్టీవార్డ్‌కీ వెయిటర్‌కీ చేతికిచ్చేవాళ్లు. ఆ సంప్రదాయం పోయి ఇదొచ్చింది. 'గెస్ట్ సర్వీసెస్‌కి వెళ్లి అడిగితే తీసేస్తారు, ఏమీ అనరు' అన్నది అన్న సలహా.

నలుగురం వెళ్లాం. రోజుకి పద్నాలుగున్నర డాలర్ల చొప్పున, నలుగురికి నాలుగు రోజులకి 232 డాలర్లు. కౌంటర్‌లో అమ్మాయి నవ్వుతూనే తీసేసింది. ఏదో హ్యాక్ కనిపెట్టినట్టు హైఫైలు కొట్టుకున్నాం. ఆ రాత్రి కేబిన్‌కి వస్తే, హ్యాంగర్‌కి వేలాడుతూ టవల్ కోతి. దాని కళ్లకి నా కూలింగ్ గ్లాసెస్. దిండ్ల మీద నాలుగు చాక్లెట్లు. పడీ పడీ నవ్వాం, స్టేటస్‌లు పెట్టుకున్నాం.

ఆ కోతిని చేసినవాడి డబ్బులే పొద్దున మేం తీసేశామని అప్పుడు నాకు తట్టలేదు. తట్టడానికి ఇంకా మూడు క్రూజ్‌లు పట్టింది. నాలుగోసారి ఇంకో స్టీవార్డ్‌తో కబుర్లలో పడ్డాను. ఆ చార్జ్ అంటే మనం అనుకునే 'టిప్' కాదట, వాళ్ల ఆదాయంలో పెద్ద ముక్కట. గదులు తుడిచేవాళ్లకే కాకుండా తెర వెనకాల వాళ్లకీ పంచుతారట. నెలల తరబడి కాంట్రాక్ట్, ఆదివారం అన్న మాటే లేదు. సముద్ర కార్మికుల అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం 24 గంటల్లో కనీసం 10 గంటల విశ్రాంతి ఇవ్వాలి. అంటే మిగతా 14 గంటలు పని చేయించుకోవచ్చన్నమాట. నేను వారానికి నలభై గంటలకే లింక్డిన్‌లో 'బర్నౌట్' అని పోస్టులు చదువుకునేవాణ్ని.

నవంబరులో కనిపించిన స్టీవార్డ్‌ని అందుకే అడిగాను: "రాత్రి సర్వీస్ పోయింది కదా, మీకు పని తగ్గిందా?" అటూ ఇటూ చూసి చెప్పాడు: "సర్వీస్ ఒకటి తగ్గింది, గదులు పెరిగాయి సర్."

రోజుకి ఒకసారి క్లీనింగ్ అంటే ప్యాసింజర్‌కి పెద్ద నష్టం లేదు. ఇంట్లో మన మంచం రోజుకి రెండుసార్లు ఎవరు సర్దుతారు? పైగా ఒకసారే తుడుస్తున్నందుకు మిగిలే డబ్బుతో మనిషికి కాస్త విశ్రాంతి దొరికితే నేను చప్పట్లు కొడతాను. మిగిలింది ఎటు పోయిందన్నదే నా పేచీ. నేను చూసినంతలో చాక్లెట్ నా దిండు మీద నుంచి వెళ్లి అతని జేబులోకైతే రాలేదు.

మర్నాడు పొద్దున డెక్ మీద నుంచి దిగి వచ్చేసరికి కోతి వేలాడుతోంది. నా కళ్లజోడే పెట్టుకుని ఉంది. అన్ని ఓడల్లోనూ వీళ్లకి ఇదే జోకు నేర్పుతారేమో! చివరి రాత్రి కవరొకటి అడిగి తెచ్చుకుని, పైన అతని పేరు రాసి, చేతికిచ్చాను. ఆటోమేటిక్ చార్జ్ మీద చెయ్యి పెట్టలేదు. 2021లో ఎగ్గొట్టినదానికి అది వడ్డీ కూడా కాదనుకోండి.

నాన్న పెరుగు, అమ్మ పట్టుచీర

2023 వేసవిలో అమ్మానాన్నలు వచ్చారు. ఏడు రాత్రుల ట్రిప్ వేశా. నాన్నకి పెరుగు లేకపోతే భోజనం అయినట్టు కాదు. మొదటి రోజు డైనింగ్ రూమ్‌లో తెల్లటి టేబుల్ గుడ్డలూ, అటో మూడు ఇటో మూడు ఫోర్కులూ చూసి బిగుసుకుపోయాడు. మా వెయిటర్ గోవా కుర్రాడు. నాన్న దూరదర్శన్ హిందీలో ఏదో అడిగాడు. రెండో రోజు మేం కూర్చునేసరికి అన్నం, పప్పు, చిన్న గిన్నెలో పెరుగు టేబుల్ మీదున్నాయి. మూడో రోజు పెరుగు పక్కన మామిడికాయ పచ్చడి. ఎక్కణ్నుంచి తెచ్చాడని అడిగితే "స్టాఫ్ మెస్‌లోది అంకుల్‌జీ, ఎవరికీ చెప్పకండి" అన్నాడు. (ఇప్పుడు చెప్పేశా. ఓడ పేరు చెప్పలేదులెండి.)

ఇది జరిగింది ఎందుకంటే, మేం తీసుకున్నది పాత పద్ధతి డైనింగ్. వారమంతా ఒకే టైమ్, ఒకే టేబుల్, అదే వెయిటర్. ఇప్పుడు ఎక్కువమంది తీసుకునేది ఇంకో పద్ధతి: ఇష్టమొచ్చినప్పుడు యాప్‌లో చెక్-ఇన్ అయితే ఖాళీ ఉన్న టేబుల్ ఇస్తారు. సౌకర్యమే. నేనూ ఐదారు ట్రిప్పులు అలాగే తిన్నాను. ఒక్క వెయిటర్ పేరైనా గుర్తుందా అంటే లేదు. ప్రతి రాత్రీ కొత్త మనిషికి మొదటి నుంచి చెప్పుకోవాలి, సర్వర్‌లో సెషన్ సేవ్ కానట్టు. ఆ వారం నాన్నకి దొరికిన పచ్చడి ఏ లాయల్టీ క్లబ్ చార్టులోనూ ఉండదు, డైమండ్‌కైనా రాదు.

ఫార్మల్ నైట్ సంగతీ అంతే. సూట్లు, గౌన్లు వేసుకుని డిన్నర్‌కి వచ్చే రాత్రి. 2000లో నార్వీజియన్ 'ఫ్రీస్టైల్' అంటూ డ్రెస్ కోడ్ వదులు చేసింది. క్యూనార్డ్ లాంటి ఒకటి రెండు తప్ప మిగతావాళ్లు మెల్లగా ఆ బాటే పట్టారు. ఇప్పుడా రాత్రి షార్ట్స్‌లో వచ్చినవాళ్లూ కనిపిస్తారు. నేనూ సూట్‌కేస్ బరువని పోలో షర్ట్‌తో సరిపెట్టేవాణ్ని. అమ్మ మాత్రం ఉప్పాడ పట్టుచీర కట్టుకుని మెట్లు దిగింది. మెట్ల మీద ఫొటోగ్రాఫర్ దగ్గర క్యూలో ఉన్న ముక్కూ మొహం తెలియని ఆడవాళ్లు ఆగి, చీర కొంగు పట్టుకుని చూశారు. "మా ఊరి పక్కనే నేస్తారని చెప్పరా" అని అమ్మ, నేను ట్రాన్స్‌లేటర్. ఆ ఫొటోకి కంపెనీ వాడు ఇరవై డాలర్లు లాగాడు. ఆ ఓడ మీద నేను పేచీ పెట్టకుండా కట్టిన బిల్లు అదొక్కటే.

సంప్రదాయాలు ఒకచోట పోయి ఇంకోచోట పుట్టడమూ ఉంది. 2022 జూన్‌లో చెన్నై నుంచి వైజాగ్ వచ్చిన కార్డీలియా ఎంప్రెస్ గుర్తుందా? అది 1990లో రాయల్ కరీబియన్ కోసం నార్డిక్ ఎంప్రెస్ పేరుతో కట్టిన ఓడే. కరీబియన్‌లో ఏళ్ల తరబడి తిరిగి, కొవిడ్ టైమ్‌లో చేతులు మారి మన వైపు వచ్చింది. ఇప్పుడందులో జైన్ భోజనం ఉంటుంది. 2023 సెప్టెంబరులో వైజాగ్‌లో క్రూజ్ టెర్మినల్ కూడా తెరిచారు. ఒకప్పుడు ఫార్మల్ నైట్లు నడిచిన ఓడలోకి పులిహోర డబ్బాలతో మనవాళ్లు ఎక్కి ఉంటారని తలుచుకుంటే నాకు భలే ఉంటుంది.

వచ్చే వేసవికి అమ్మానాన్నలు మళ్లీ వస్తున్నారు. టికెట్లు బుక్ చేశా. మీరూ మొదటిసారి వెళ్తుంటే ఒక్కటి గుర్తుపెట్టుకోండి: డైనింగ్ ఆప్షన్ బుకింగ్ రోజే ఎంచుకోవాలి, ఆలస్యమైతే పాత పద్ధతి టేబుళ్లు అయిపోతాయి. నేను పదకొండుసార్లు వెళ్లినవాణ్ని, నేనే ఆలస్యం చేశా.

మొన్న ఆదివారం వీడియో కాల్‌లో నాన్న అడిగాడు, "ఆ గోవా కుర్రాడు ఉంటాడా?"

"రెండేళ్లు దాటింది కదా నాన్నా, ఈపాటికి ఏ ఓడలో ఉన్నాడో."

"పోన్లే. కొత్తవాడికి మొదటిరోజే చెప్పేద్దాం, పెరుగు సంగతి."

సరే అన్నాను. యాప్ తెరిచి చూస్తే, ఆరు గంటల టేబుల్ ఇంకా వెయిట్‌లిస్ట్‌లోనే ఉంది.